జన్మకు ఒకే యజమాని

మంత్రిగారి ఇంటికి కుక్కపిల్ల రావడం ప్రజాస్వామ్య చరిత్రలో ఒక మేలిమలుపు అని ప్రెస్‌నోటు విడుదలైంది. రాసింది నేనే. రాయమన్నది ఆయనే అయినా, ప్రజాస్వామ్యాన్ని ఇరికించడం మాత్రం నా సొంత ప్రతిభ. ఆయన దగ్గర నేను టెంపరరీ ప్రెస్ అసిస్టెంటుని. నన్ను పర్మనెంటు చేసే ఫైలు ఆయన బల్ల మీద సంతకం లేక ముసుగుతన్ని పడుకుంది.

కుక్క అరుదైన టాయ్ బ్రీడ్. ఒళ్లంతా నున్నగా ఉండి, నెత్తిన ఒక పిలక, కాళ్లకు మేజోళ్లు తొడిగినట్టు కాస్త బొచ్చు. ఎండకు సన్‌స్క్రీన్, చలికి స్వెటర్, పూటపూటా ఒంటికి క్రీము. పళ్లు పుట్టుకతోనే తక్కువ కాబట్టి మెత్తటి తిండే పెట్టాలి. పైగా జన్మకు ఒకే యజమానిని ఎంచుకుంటుందట. మంత్రిగారికి నచ్చింది ఈ గుణమే.

"అచ్చం నాలాగేనయ్యా! నేనూ ఒకే కుర్చీకి కట్టుబడ్డవాణ్ణి. మారినవన్నీ పార్టీలే."

క్రీము రాసే గౌరవం నాకు దక్కింది. వేళ్ల సందులు కూడా వదలకుండా రాస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. ఏం చేస్తున్నానో చెప్పాను.

"మన పిల్లకి ఏనాడైనా ఇంత నూనె రాశారా?"

"మన పిల్లకి రాస్తే నా ఫైలు మీద సంతకం పడుతుందా?"

ఫోన్ పెట్టేసింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కుక్క నన్ను ఎంచుకుంది. మంత్రిగారు పిలిస్తే గోడకేసి చూసేది. నేను దగ్గితే చాలు, పరుగెత్తుకొచ్చేది. నిజం చెప్పొద్దూ, ఆ ఆఫీసులో నన్ను చూసి సంతోషించిన ప్రాణి అదొక్కటే. నాకూ అదంటే ప్రాణమైంది.

ఈలోగా మంత్రిగారు మరో పార్టీలోకి దూకే రోజు వచ్చింది.

"ప్రెస్‌మీట్‌లో విశ్వాసం గురించి మాట్లాడతాను. అప్పుడది నా ఒళ్లో ఉండాలి. లేదంటే నీ ఫైలు సంగతి నాకు తెలీదు" అన్నారు.

పీఏగారు బుర్ర గోక్కున్నారు. "అది గుర్తుపట్టేది వాసనతోనే కదయ్యా? నీ చొక్కా విప్పు."

అలా ఉతకని నా చొక్కా మంత్రిగారి ఒంటి మీదికెక్కింది. పొట్ట దగ్గర బొత్తాలు పట్టకపోతే పైన కోటు కప్పారు. నేను బనీనుతో పక్కగదిలో నక్కాను. కుక్క ఆయన ఒళ్లో ముడుచుకుని హాయిగా కళ్లు మూసుకుంది. కెమెరాలు మెరిశాయి.

"విశ్వాసమంటే ఇదీ! ప్రాణం పోయినా ఈ జీవి నన్ను వదిలి..."

సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది.

కుక్క ఒక్క గెంతు గెంతి వచ్చి తలుపు గీకసాగింది. ఎవరో విలేకరి తలుపు తీశాడు. చూస్తే, బనీనుతో, బట్టతలతో, నేను. అది నా చేతుల్లోకి ఎగిరి గడ్డం నాకడం మొదలుపెట్టింది.

"ఈ కుక్క మీదా అండీ?" అన్నాడు విలేకరి.

మంత్రిగారు నావైపే చూస్తున్నారు. ఆయన వెనకాల పీఏగారి చంకలో నా ఫైలుంది.

"నాకేం తెలుసండీ? దీన్ని నేనెప్పుడూ చూడనే లేదు" అన్నాను. అది ఇంకా నాకుతూనే ఉంది.

విలేకరులు వెళ్లాక మంత్రిగారు ఫైలు అందుకున్నారు. ఒంటిమీదున్న నా చొక్కా జేబులోంచి నా పెన్ను తీసి సంతకం పెట్టారు. చెమర్చిన కళ్లతో నా భుజం తట్టారు.

"నిన్ను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశానయ్యా. వచ్చే ఎన్నికల్లో టికెట్టు నీకే."