బండి రేసులో ఆఖరికొచ్చే ఎలుగు

"నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఒక్క తప్పు చేస్తాడు, మన్మథా! ఈ ఢిల్లేశ్వరరావు ఉన్న జిల్లాలో పుట్టడమే ఆ తప్పు!"

ఈ మాట అనేసి మా ఢిల్లేశ్వరరావు నా షాపు కౌంటరు మీద పిడికిలితో గుద్దాడు. కౌంటరు అద్దం పగల్లేదు గానీ, నేను విప్పి పెట్టుకున్న ఫోను తాలూకు చిన్న చిన్న స్క్రూలన్నీ ఎగిరి కింద పడ్డాయి. కాశీబుగ్గలో సెల్ రిపేరు షాపు పెట్టుకుని నా బతుకేదో నేను బతుకుతుంటే, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి వీడు నన్ను అసిస్టెంటు అంటాడు. వీడి అసలు ఉద్యోగం వాళ్ల బావగారి జీడిపప్పు కొట్లో కూర్చోవడం. కూర్చున్నంతసేపూ పప్పు నములుతాడు కాబట్టి, డిటెక్టివ్ పని మీద బయట తిరగమని ఆ బావగారే ఎగదోస్తున్నారని నా అనుమానం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ధైర్యంగా ఉన్నప్పుడు మావాడు పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు. భయమేస్తే మాత్రం వాళ్లమ్మ నేర్పిన భాష తన్నుకొచ్చేస్తుంది.

"ఏటి కేసు?" అన్నాను స్క్రూలు ఏరుకుంటూ.

"పెళ్లికొడుకు ఎంక్వైరీ."

"ఓస్, ఇంతేనా!"

"ఇంతేనా అంటావా, మూర్ఖుడా! ప్రతి పెళ్లికొడుకు వెనకా ఒక చీకటి కోణం ఉంటుంది."

"నాకు పెళ్లై పదేళ్లైంది. మా ఆవిడకి ఏ కోణమూ దొరకలేదు మరి."

"ఆవిడకి నాలాంటివాడు దొరకలేదు. బండి తియ్యి."

బండి నాది. పెట్రోలూ నాదే.

మా ఉద్దానంలో సంబంధం కలుపుకునే ముందు కుర్రాడి గురించి నలుగురినీ అడగడం మామూలే. టీకొట్లో అడుగుతారు, మంగలి షాపులో అడుగుతారు, తేలిపోతుంది. ఈ కుర్రాడి విషయంలో నలుగురిని కాదు, నలభై మందిని అడిగినా తేలలేదట. దాంతో వేరే దిక్కులేక వైకుంఠరావు మావ మావాణ్ణి పిలిచాడు. వజ్రపుకొత్తూరు వైపు జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్న పెద్దమనిషి ఆయన. కిందటి ఎన్నికల్లో ప్రెసిడెంటుగా నిలబడి ఓడిపోయాడు. ఆ రోజు నుంచి ముఖాన నవ్వు లేదు.

"కుర్రోడి పేరు అవినాష్. పక్కూరే," అన్నాడు ఆయన. "విశాఖపట్నం కంపెనీకి ఇంటికాడుండే పని సేత్తన్నాడంట. ఏటి పనమ్మా అంటే ఆళ్లమ్మ సాఫ్ట్‌వేరంటాది. సాఫ్ట్‌వేరోడు కంప్యూటరు ముందర కూకోవాల గదా! ఈడు సాయంత్రమయ్యేసరికి సంచి తగిలించుకుని జీడితోటలోకి ఎల్లిపోతన్నాడు. ఆ తోటలో నెల్లాళ్లుగా ఎలుగు అరుపులు! జనం జీడిపిక్కలేరడానిక్కూడా అటు ఎల్లడం నేదు. మరి ఈడికి బయ్యం నేదేటి?"

"బ్రహ్మాండం!" అని మావాడు చేతులు నలుపుకున్నాడు.

"బెమ్మాండం కాదురా, ఆదివారం తాంబూలాలు. ఈలోగా తేల్చు. తేడా ఉందో, సంబంధం ఒగ్గేత్తాను."

మంచినీళ్లు తెచ్చిన ఆయన కూతురు ఇందు ఆ మాట విని ఆగిపోయింది. టెక్కలి కాలేజీలో ఆ కుర్రాడు తనకి సీనియరట. తండ్రి లోపలికి వెళ్లగానే నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "అన్నయ్యా, ఆయన మంచోడు. మీరు సరిగ్గా సూసి సెప్పండి. ఈ సంబంధం తప్పిపోతే నేనింక ఎవుల్నీ సేసుకోను."

పిల్ల కళ్లల్లో నీళ్లు. పోయి పోయి ఈ బంగారుతల్లి బతుకు ఢిల్లేశ్వరరావు చేతిలో పడిందేమిటి దేవుడా అనుకున్నాను.

ఆ సాయంత్రమే తోటలో మాటువేశాం. మాటు వేయడమంటే, జీడిచెట్టెక్కి ఎర్రచీమల చేత కుట్టించుకోవడం. మావాడు ముందే చెప్పి ఉంటే ఇంటి దగ్గరే ఉండిపోయేవాణ్ణి. కాసేపటికి అవినాష్ వచ్చాడు. అటూ ఇటూ చూసి ఒక చెట్టు కింద కూర్చుని, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. తర్వాత సంచిలోంచి నల్లగా, బొచ్చుబొచ్చుగా, గుప్పెడంత ఉన్నదేదో బయటికి తీశాడు. దాన్ని ప్రేమగా నిమిరాడు. ఉఫ్ అని ఊదాడు. నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"గుర్ర్ర్ర్..."

నేను కొమ్మని కరుచుకున్నాను. ఆ శబ్దం వింటే పంచె జీడికొమ్మకి వదిలేసి ఊళ్లోకి వచ్చిన మగధీరులు మాకు చాలామందే ఉన్నారు. ఇంతలో ఇంకో అరుపు. ఈసారి ఎక్కడో జారిపడి, అలిగి, ఏడుపు దిగమింగుకున్నట్టు "ఊఁ...హూఁహ్హ్" అని పెద్ద మూలుగు.

అవినాష్ ఆ బొచ్చుదాంతో, "ఇది బాగుందా? ఇంకోసారి. ఏడుపు కొంచెం పెంచుదాం," అన్నాడు.

"ఎలుగుపిల్ల!" అని మావాడు నా చెవిలో గుసగుసలాడాడు. "పిల్లను అడ్డం పెట్టుకుని తల్లిని రప్పిస్తున్నాడు. ఇది అంతర్జాతీయ ముఠా, మన్మథా!" అంటూ ఫోన్ తీసి రికార్డు చేయడం మొదలుపెట్టాడు.

"పిల్లయితే కదలాల గదరా?"

"మత్తుమందు!"

"మరి బాగుందా అని దాన్ని అడుగుతున్నాడేటి?"

"దుర్మార్గులు మర్యాదగానే మాట్లాడతారు."

అప్పుడే మూడో అరుపు వినిపించింది. అది మొదటి రెండింటికన్నా బలంగా ఉంది.

"ఓలమ్మో! తల్లొచ్చేసింది గావాల! లగెత్తరా మన్మథా!" అని మా డిటెక్టివ్ కొమ్మ మీంచి నన్ను తొక్కి దిగి, ఒక చెప్పు అక్కడే వదిలేసి పారిపోయాడు.

దారిలో బతిమాలాను. "ఒరే, రేపొకసారి ఆ కుర్రాణ్ణే అడిగేద్దాం. ఆ పిల్ల ఏడుస్తోందిరా."

"డిటెక్టివ్ అడగడు, మన్మథా. డిటెక్టివ్ బయటపెడతాడు. అందరి ఎదుటా!"

ఆదివారం వచ్చింది. వైకుంఠరావు మావ పెరట్లో షామియానా, కుర్చీలు, మూలన పాటల కోసం తెచ్చిన పెద్ద స్పీకరు. అటు అవినాష్, వాళ్లమ్మ జానకి, వాళ్ల చుట్టాలు. ఇటు ఊరు ఊరంతా. పంతులుగారు తాంబూలం పళ్లెం ఎత్తబోతున్నారు.

"ఆపండి!"

ఈ ఒక్క మాటా మావాడు రెండు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాడు. నేను కాలరు పట్టుకుని లాగాను గానీ, అప్పటికే వాడు షామియానా మధ్యకి వెళ్లిపోయాడు.

"ఈ తెల్లచొక్కా వెనక ఎంత నల్లటి రహస్యం దాగి ఉందో మీరెవరూ ఎరుగరు! జీడితోటలో ఎలుగుపిల్లకు మత్తిచ్చి, దాని తల్లికి వల పన్నుతున్న ముఠా సభ్యుడు ఇతడే! ఇదిగో సాక్ష్యం!"

వాడి ఫోను స్పీకరుకి తగిలించే ఉంది. మొదట గుర్ర్ర్ అంది. ఆడవాళ్లు కాళ్లు కుర్చీల మీదికి లాక్కున్నారు. తర్వాత ఆ అలిగిన మూలుగు పెరడంతా నిండిపోయింది. జానకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవినాష్ తల దించుకున్నాడు. ఇందు ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకైతే మా డిటెక్టివ్ గొంతు అక్కడే పిసికేయాలనిపించింది.

అంతలో వంటింట్లోంచి గరిటె పట్టుకునే బయటికొచ్చింది వైకుంఠరావు మావ భార్య ఉషారాణి.

"ఏవండీ, మీ కడుపుబ్బరం అరుపు ఈళ్ల ఫోన్లోకి ఎలగెక్కిందండీ?"

అందరూ మావ వైపు తిరిగారు.

"రోజూ తెల్లారగట్ల మా బాత్రూములోంచి ఇదే మూలుగు! వాము నీళ్లు తాగండి, తాగండి అని నేను మొత్తుకుంతానే ఉన్నాను. వింతేనా!"

మా డిటెక్టివ్ ఒక్క క్షణం తడబడ్డాడు, అంతే. వెంటనే వేలు చూపించాడు. "అయితే ఎలుగును దాచింది మీ బాత్రూములోనన్నమాట! ముఠా నాయకుడివి నువ్వేనా, మావా?"

వైకుంఠరావు మావకి చెమటలు పట్టాయి. మీసం తుడుచుకున్నాడు. చివరికి జేబులోంచి ఫోన్ తీసి, దొంగసొత్తు అప్పగిస్తున్నవాడిలా అందరికీ చూపించాడు. తెర మీద చిన్న చిన్న బొమ్మకార్లు. పులి, నక్క, నెమలి తలో కారూ తోలుకుంటూ దూసుకుపోతున్నాయి. అన్నిటికన్నా వెనక ఒక లావుపాటి ఎలుగు, పొట్ట పట్టని కారులో కూర్చుని ఈడ్చుకుంటూ వస్తోంది. పనసతొక్క మీద కారు జారింది. "ఊఁ...హూఁహ్హ్" అంది ఎలుగు. అదే మూలుగు.

"ఈడి పేరు జాంబు," అన్నాడు మావ. "బండి రేసు ఆట. పులినీ నక్కనీ అందరూ తీసుకుంతారు, ఈడినెవుడూ తీసుకోడు. తేనెపట్టు కనపడితే రేసు మానేసి నిలబడిపోతాడు. ఎప్పుడూ ఆఖరే. ఎలచ్చన్లో ఓడిపోయిన కాణ్ణుంచి నాను బాత్రూములో కూకుని ఈడితోనే ఆడతన్నాను. జనం నా ముందు అయ్యో అనీసి ఎనకాల నవ్వుకున్నారు. ఈడొక్కడే నా కోసం మూలిగేడు. ఈ మూలుగు నాకు తెలవదేటి?"

ఎవరూ నవ్వలేదు. అవినాష్ లేచి నిలబడ్డాడు.

"అది నేనేనండి."

సంచి విప్పి ఆ నల్లటి బొచ్చుదాన్ని బయటికి తీశాడు. "పిల్ల! పిల్ల!" అని అరిచి మావాడు కుర్చీ ఎక్కాడు. అవినాష్ బొచ్చు ఊడదీశాడు. లోపల మైకు ఉంది.

"గాలి చప్పుడు రాకండా మైకుకేసే తొడుగండి ఇది. ఆ ఆటలో పులికీ నక్కకీ బోల్డు డైలాగులున్నాయి, ఆటికి పేరున్నోళ్లు సెప్పేరు. ఎలుగుకి ఒట్టి మూలుగులే. అది ఎవులికీ సరిగ్గా రాలేదు. నాకు సిన్నప్పట్నుంచీ మన తోటల్లో విని విని వచ్చేసింది. ఇప్పుడు కొత్త రేసులొత్తన్నాయని ఇంకొన్ని మూలుగులు అడిగేరు. ఇంట్లో మూలిగితే మా యమ్మ కోళ్లు గుడ్లు మానేత్తన్నాయండి, అందుకే తోటకెళ్తన్నాను."

"ఎలుగులాగ అరిసీవోడికి పిల్లనెవులిత్తారన్నయ్యా!" అని జానకమ్మ ఏడ్చేసింది. "అందుకే సాఫ్ట్‌వేరని సెప్పీసేను. తప్పు నాదే."

మావ ఆవిడ మాట వినిపించుకోలేదు. నేరుగా అవినాష్ దగ్గరికెళ్లి చేయి పట్టుకున్నాడు.

"ఇంత గొంతున్నోడివి, ఒక్క రేసైనా దాన్ని గెలిపించలేకపోనావా బాబూ?"

"నా సేతిలో ఏటుందండి? బండి తోలేది మీరు గదండీ!"

పెరడంతా గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది వైకుంఠరావు మావే. ఎన్నికల తర్వాత ఆ నవ్వు వినడం ఊరికి అదే మొదటిసారి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఒక్కసారి నా ఎదర మూలుగు నాయనా," అన్నాడు.

అవినాష్ ఇందు వైపు చూశాడు. ఆ పిల్ల తలూపింది. కుర్రాడు ఊపిరి బిగబట్టి, పొట్టలోంచి ఒక్క అరుపు అరిచాడు.

అదెవరి అరుపో తెలిసినా లాభం లేకపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ శబ్దానికి పరిగెత్తిన కాళ్లు ఎవరి మాట వింటాయి? షామియానా ఖాళీ. వీధిలో తలుపులు ధబధబా పడ్డాయి. ఎలుగుని బెదరగొట్టడానికి ఎవరో రేకుడబ్బా వాయించడం మొదలెట్టారు. పంతులుగారు కొబ్బరికాయల గుట్ట వెనక్కి చేరారు. మా డిటెక్టివ్ నిచ్చెనెక్కి డాబా మీద తేలాడు.

"ఇదంతా నేను ముందే ఊహించాను!" అని పైనుంచి ప్రకటించాడు. "నా అమోఘమైన పథకం ఫలించింది! కేసు పరిష్కారమైంది! ... ఒరే మన్మథా, ఎలుగు ఎల్లిపోనాదేటిరా?"

పీట మీంచి కదలనిది ఇందు ఒక్కతే. నవ్వాపుకుంటూ లేచి, కింద ఉన్న తాంబూలం పళ్లెం తీసి, కుర్రాడి పక్కనే నిలబడి మురిసిపోతున్న తండ్రి చేతుల్లో పెట్టింది.

"బేగి ఇచ్చీ నాన్నా. ఈ డిటెక్టివు కిందికి దిగితే మళ్లీ ఎంక్వైరీ మొదలెడతాడు."