మర్యాద కావాలా? తుపాకుల కొట్టు పెట్టించండి!

వీధికో తుపాకుల కొట్టు ఉండాలంటాను నేను. నవ్వకండి! మర్యాదంటే ఏమిటో మా బావ ఉండే వీధికొచ్చి చూడండి.

బావ తుపాకుల డీలరు. కొట్టు కింద, కాపురం పైన. లైసెన్సు ఊరికే ఇచ్చారనుకున్నారా? ఆఫీసరు స్వయంగా వచ్చి షట్టరు లాగాడు, కిటికీ ఊచలు ఊపాడు, ఇనప్పెట్టెను తన్నాడు. ఏదీ కదల్లేదు. లైసెన్సు కదిలింది! ఎవరికి అమ్ముతావని మాత్రం అడగలేదు. వ్యాపార రహస్యం కదా!

కానీ ఈ వ్యాపారంలో ఓ చిక్కుంది. చెప్పు అరుగుతుంది, చొక్కా చిరుగుతుంది, జుట్టు పెరుగుతుంది. తుపాకీ? మనవడి దాకా మన్నుతుంది! ఒకసారి కొన్నవాడు మళ్లీ గుమ్మం తొక్కడు. బావ బారెళ్లు తుడుచుకుంటూ, ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు.

"ఈ కొట్టు ఎత్తేసి ఇంకేదైనా చూసుకోండి, మీకు పుణ్యముంటుంది" అని అక్క పోరు.

అప్పుడు కుదిరింది బావకి గురి! ఎదురింటి టైలరును పిలిచాడు.

"చెప్పుల షాపాయన ఒకటి తీసుకున్నాడు, తెలుసా?"

"నిజమా అన్నయ్యా! ఎందుకంట?"

"నాకేం తెలుసు? రోజంతా మీ కొట్టు వైపే చూస్తుంటాడుగా!"

సాయంత్రానికి టైలరు కొన్నాడు. మర్నాడు చెప్పులాయనకు టైలరు సంగతి చెప్పాడు బావ. ఈసారి అబద్ధమాడే శ్రమ కూడా లేకపోయింది! తర్వాత మందుల షాపు, మంగలి షాపు, ట్యూషన్ మాస్టారు. తుపాకీ అరగదు గానీ, భయం రోజూ తాజాగా పుడుతుంది మరి!

ఇప్పుడా వీధిలో ఎంత మర్యాదండీ! టైలరు చొక్కా బిగుతుగా కుడితే "నేనే లావయ్యానండీ" అని కస్టమరే క్షమాపణ చెబుతాడు. బళ్లు ఎదురైతే "మీరు ముందు", "అబ్బే, మీరే ముందు" అంటూ ఇద్దరూ అక్కడే ఉండిపోతారు. హారన్ మోగదు. టైరు పేలితే మాత్రం వీధి వీధంతా బల్లల కింద! ఉచిత వ్యాయామం కాదూ?

అక్క మాత్రం పిల్లల్ని గుమ్మం దాటనివ్వడం మానేసింది.

మొన్న బావ ఆఫీసరు దగ్గరకెళ్లాడు, లైసెన్సు వేరే వీధికి మార్చమని.

"బ్రహ్మాండంగా నడుస్తోందిగా? మారడం ఎందుకయ్యా?"

"బాబోయ్, అక్కడ ఉండలేం సార్! ఎవడి దగ్గర చూసినా తుపాకే. పెళ్లాంపిల్లలతో బతికే చోటేనా అది?"

"మరి కొత్త వీధి?"

"బంగారం సార్! పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు. ఒక్క ఇంట్లోనూ తుపాకీ లేదు." బావ ముఖం వెలిగిపోయింది. "కాపురానికీ బాగుంటుంది, వ్యాపారానికీ బాగుంటుంది!"

ఆఫీసరు తృప్తిగా తలూపి లేచాడు, కొత్త షట్టరు లాగి చూడటానికి.