ఆటో ఆఫ్ చేసినావా?

ధర్మవరంలో గంగాధరప్పకు రాని విద్య లేదు. బాగా వచ్చిన విద్య ఏదని అడిగితే మాత్రం ఆయన భార్య నాగలక్ష్మమ్మ కాసేపు ఆలోచించి, "నిద్ర" అంటుంది.

ఆ వారం లైను పనులంటూ రోజూ మధ్యాహ్నమంతా కరెంటు తీసేస్తున్నారు. నాగలక్ష్మమ్మ మగ్గం మీద పెళ్లి చీర ఉంది. కొంగు సగం మిగిలింది. శుక్రవారం సాయంత్రం లేపాక్షి నుంచి పెళ్లివాళ్లు వస్తారు. అప్పటికి చీర మగ్గం దిగకపోతే అంగట్లో ఇంకోటి కొనుక్కుని పోతామని ముందే చెప్పేశారు. పూల నేతకు పోగులు లేపే జకార్డు పెట్టె మగ్గం పైనుంటుంది. దాన్ని కాలిపలక తొక్కి లేపడానికి ఆమె మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. ఇప్పుడా పని ఒక చిన్న మోటారు చేస్తోంది. కరెంటు లేకపోతే అదీ మొరాయిస్తుంది.

"ఒక ఇన్వర్టరు తెచ్చుకుందామప్పా" అంది.

"అంగడి ఇన్వర్టరు ఎందుకే? దాంట్లో ఏముంటాది, ఒక డబ్బా, ఒక బ్యాటరీ. ఫోన్లో చూసినా. నేనే చేస్తా."

"ఫ్యాను గూడా ఫోన్లో చూసే బాగుచేస్తివి. అది గాలి పైకి విసురుతాంది."

"బల్లులకు మాత్రం ఉక్కపోయదా?"

మూతబడిన కంప్యూటరు సెంటరు నుంచి పాత యూపీఎస్ డబ్బా వచ్చింది. బ్యాటరీ కోసం గంగాధరప్ప తన బావమరిది ఆంజి నడిపే ఆటో మీద కన్నేశాడు. బావకు ఎదురు చెప్పలేక ఆంజి దీనంగా అక్క ముఖం చూశాడు.

"ఇచ్చేయిరా. ఒక దినం నడిస్తే ఒంటికి మంచిదే" అంది అక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కరెంటు రాగానే బోరు మోటారును దానంతటదే లేపే పెట్టె ఒకటి ఆ వీధిలో ఇంటింటికీ ఉంటుంది. భూమిలో ఉన్న చెంబెడు నీళ్లను పక్కింటి బోరు లాక్కునేలోపు మనం లాక్కోవాలి కదా. దాని పేరు ఆటో స్టార్టరు. అంత పేరు పలికే ఓపిక లేక అందరూ ఆటో అంటారు.

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. గంగాధరప్ప తన యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టాడు. మగ్గం మోటారు ఒక్కటి తిరిగితే చాలు. కానీ వీధి జనం గుమ్మం దగ్గర చేరేసరికి ఆయనకు ఇల్లంతా వెలిగించాలనిపించింది. తీగను ఏకంగా మెయిన్ బోర్డుకు తగిలించాడు.

మగ్గం మీద నుంచి నాగలక్ష్మమ్మ అడిగింది. "ఆటో ఆఫ్ చేసినావా?"

"పొద్దున్నే చేసినా. వీధి మలుపులో నిలబెట్టినా."

"యాడ నిలబెట్టినావు?" అని ఆమె అనేలోపే స్విచ్చు వేసేశాడు.

బల్బు వెలిగింది. జకార్డు మోటారు కదిలింది. గంగాధరప్ప చెయ్యి మీసం వైపు బయలుదేరింది. అది మీసం చేరేలోపే పెరట్లో ఆటో స్టార్టరు పెట్టె టక్కుమంది, బోరు మోటారు లేవబోయింది. డబ్బా కుయ్యోమని, మూలిగి, పొగ వదిలి చల్లబడింది.

"బావా, నా బ్యాటరీ" అన్నాడు ఆంజి.

"ఉండాది లేరా. కొంచెం కాలుతాంది, ఇప్పుడు ముట్టుకోవాకు."

జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు. సగం కొంగు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూశాక గానీ గంగాధరప్పకు తాను చేసింది తెలిసిరాలేదు. అన్నాళ్ల ఆమె కష్టం తన గొప్ప కోసం గంగలో కలిసింది.

నాగలక్ష్మమ్మ లేచి మోటారు పట్టీ విప్పింది. జకార్డు పెట్టెకు తాడు కట్టి, దూలం మీదుగా వేసి, కొస మొగుడి చేతికిచ్చింది.

"ఇదేందే?"

"ఊ అంటే లాగు. ఊహూ అంటే వదులు."

లాగాడు. పెట్టె లేచింది, పోగులు విడివడ్డాయి, అడ్డపోగు మోసే నాడె అటునుంచి ఇటు పారింది. మళ్లీ లాగాడు. కాసేపటికి భుజాలు పీకాయి.

"రవ్వంతసేపు ఆపుదామా?"

"ఈ లైన్లో కోతల్లేవు. ఊ."

పెళ్లివాళ్లు వచ్చేసరికి చీర మడత మీద ఉంది. పెళ్లికూతురి తల్లి కొంగు నిమిరి చూసి మురిసిపోయింది.

"మధ్యాన్నమంతా వీధిలో కరెంటు లేదంట గదమ్మా. ఎట్ల నేసినావు?"

గోడకు ఆనుకుని భుజాలు ఒత్తుకుంటున్న మొగుడి వైపు నాగలక్ష్మమ్మ ఓరగా చూసింది.

"మాకు ఇన్వర్టరు ఉండాదమ్మా. బాగానే పనిచేస్తాది. కాకపోతే మాటిమాటికీ మజ్జిగ పోయాల."