తోటలో తొమ్మిది తలలు

ఆ ఉదయం తులసమ్మ వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. రంగులు పూసిన తొమ్మిది తలలూ మధ్యాహ్నానికి ఎండాలి. సాయంత్రానికి పట్టుగుడ్డలు కట్టుకుని, హాల్లో మెట్లెక్కి కూర్చోవాలి. మైలవరంలో కూతురింటి నుంచి అత్తగారు నాగేంద్రమ్మ సాయంత్రం బస్సుకు దిగేసరికి దసరా బొమ్మల కొలువు సిద్ధంగా ఉండాలి.

నాగేంద్రమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ ఇంట కొలువు ఒక్క ఏడు తప్పలేదు. ఆ వేసవిలో ఆమె కూతురి దగ్గరికి వెళుతూ పెట్టె తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, "బొమ్మలు జాగ్రత్తమ్మా" అని ఒక్క మాటే అంది. వినాయక చవితి వెళ్ళాక తులసమ్మ ఆ పెట్టె తెరిస్తే లోపల బొమ్మలు లేవు, చెదలు ఉన్నాయి. కొండపల్లి దశావతారాల్లో కూర్మానికి మాత్రం డిప్ప మిగిలింది. ఆ డిప్పను చేత్తో పట్టుకుని తులసమ్మ చాలాసేపు నేలమీద కూర్చుంది. ఏడవలేదు. లేచి, "కొలువు మానేది లేదు" అంది.

తలలు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చాయి. అక్కడ రాయప్ప నాటకాల సామాను అద్దెకిచ్చేవాడు. సినిమాలు పెరిగి నాటకాలు తగ్గడంతో కొట్టు ఎత్తేస్తూ, విగ్గులూ కిరీటాలూ నలగకుండా తగిలించే చెక్క తలలను ఒక జాడీ మాగాయకు ఇచ్చేశాడు. వాటికి ముక్కు ఉంటుంది, పెదవుల ఆనవాలు ఉంటుంది, కర్రమీద నిలబెట్టేందుకు మెడ కింద రంధ్రం ఉంటుంది. కళ్ళు మాత్రం ఉండవు.

తులసమ్మ భర్త బసవపున్నారావుకు అవి మొదట మంచి సదుపాయంగా తోచాయి. ఒకదానికి కళ్ళజోడు తగిలించాడు. ఒకదానిమీద తడి తువ్వాలు ఆరేశాడు. ఇంకొకటి, గాలికి పేజీలు తిరగకుండా, వేదాంత గ్రంథం మీద బరువుగా కూర్చుంది. మూడో రోజు తులసమ్మ వచ్చి తువ్వాలూ కళ్ళజోడూ తీసి ఆయన చేతికిచ్చి, తలలను వంటింటి పక్క గదిలోకి తీసుకుపోయింది.

ఆపైన ఆ గదిలో జరిగింది ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు. గోగునార నల్లరంగులో ముంచితే జడలయ్యాయి. వేసవిలో అందరూ చీకి పారేసిన మామిడి టెంకలు పసుపురంగు పూసుకుని కిరీటాలకు ఎక్కాయి. గురివింద గింజలు ముక్కెరలయ్యాయి. చివరికి ఆమె సన్నని కుంచె పట్టి, ఊపిరి బిగించి, ఒక్కొక్క ముఖానికీ కళ్ళు దిద్దింది. తనకు అవి కళ్ళు లేని తలలుగా కనిపించాయి. ఆమెకు ఇంకా కళ్ళు తెరవని అమ్మవార్లుగా కనిపించాయి. చూపును గురించి అన్ని పుస్తకాలు చదివిన తనకు ఆ చూపు ఎందుకు లేకపోయిందో బసవపున్నారావు నిజాయితీగానే ఆలోచించాడు.  సమాధానం కోసం మళ్ళీ పుస్తకమే తెరిచాడు.

చిక్కు అక్కడే మొదలైంది.

"ఏమండీ, వీటిని వాకిట్లో ఎండబెడితే ఊరంతా ముందే చూసేస్తుంది. తోటలో పెట్టించండి. కింద పెడితే మన్ను అంటుకుంటుంది. వీరయ్యకు కాస్త విడమరిచి చెప్పండి."

"చెబుతాలే."

తోటపని చూసే వీరయ్య వచ్చేసరికి ఆయనకు అధ్యాయంలో ఒక్క పేజీ మిగిలింది. తల ఎత్తకుండానే, "వీరయ్యా, ఈ తలకాయలు తోటలో కర్రలకు గుచ్చు. తూర్పు మొహంగా పెట్టు" అన్నాడు. ఎండ కోసమని గానీ, కొలువు కోసమని గానీ అనలేదు.

"అట్టాగేనండీ" అన్నాడు వీరయ్య.

నూజివీడు మామిడితోటల్లో కర్రమీద ముఖం ఉందంటే దానికి ఒక్కటే అర్థం, దిష్టిబొమ్మ. వీరయ్య ఏటా పాత కుండలకు సున్నం బొట్లు పెట్టి గుచ్చేవాడే. ఈ ఏడు అయ్యగారు ఖరీదైన సరుకు తెప్పించారని సంతోషించాడు. అయితే ఒక లోపం కనిపించింది. అంత చల్లని చూపుకు ఏ పాడుకన్ను భయపడుతుంది? పొయ్యిలోని బొగ్గు తెచ్చి, తొమ్మిదింటికీ చెవుల దాకా మీసాలు తిప్పాడు. చెప్పినట్టే తూర్పు మొహంగా కంచె పొడవునా వరసగా పాతాడు. తూర్పున ఉన్నది పున్నయ్య తోట.

పొద్దు బాగా ఎక్కకముందే పున్నయ్య వీధిలోంచి కేకేశాడు.

"బావా! ఇట్టా బయటికి రా!"

"ఏంటి బావా, కాఫీ తాగుతావా?"

"నీ కాఫీ నువ్వే తాగు. నీ తోట దిష్టంతా నా తోటలోకి తోలేద్దామనా? ఒకటా రెండా, తొమ్మిది తలకాయలు! అన్నీ నా చిన్నరసాల వంకే గుడ్లురుముతున్నాయి. పోయినేడు నా కాపు చూసి నువ్వు మెచ్చుకున్నప్పుడే అనుమానం వచ్చింది."

"ఉరమటం లేదు బావా. ఎండుతున్నాయి."

"మీసాలు పెట్టుకునా?"

లోపలి నుంచి తులసమ్మ పట్టుగుడ్డతో వచ్చింది. "మీసాలేంటి అన్నయ్యా?"

"ముక్కెర కింద మీసం ఉన్న దిష్టిబొమ్మను నా జన్మలో చూళ్ళేదు చెల్లెమ్మా. నేనేమన్నా తక్కువ తిన్నానా? అన్నింటినీ పీకి మీ తోట ముందే, బస్సురోడ్డు గట్టున పాతొచ్చా. దారినపోయే వాళ్ళను చూసుకోనీ."

తులసమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. భర్త వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదని బసవపున్నారావుకు అనిపించింది.

"అమ్మ వచ్చేది సాయంత్రం బస్సుకేగా. ఈలోగా తెచ్చేసుకుందాం" అన్నాడు, గబగబా చెప్పులు తొడుక్కుంటూ.

ముగ్గురూ తోట దగ్గరికి వెళ్ళేసరికి మైలవరం బస్సు అక్కడ నిలబడి ఉంది. అది బస్సు ఆగే చోటు కాదు. డ్రైవరు హనుమయ్య కిందికి దిగి జనానికి ప్రమాణం చేసి చెబుతున్నాడు.

"పొద్దున ఇటుగా పోయేటప్పుడు ఇక్కడ గడ్డిపరక లేదండీ! ఇప్పుడు చూస్తే వరసగా తొమ్మిదిమంది అమ్మవార్లు! బ్రేకు నేను వేయలేదండీ, అదే పడింది."

"మరి మీసాలేంటి?" అని ఎవరో అడిగారు.

"ఉగ్రరూపం" అన్నాడు కండక్టరు.

ఎవరి సంచిలోదో కొబ్బరికాయ పగిలింది. కర్పూరం వెలిగింది. హారతి పళ్ళెం పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, మీసాల అమ్మవార్ల ముందు నిలబడి ఉన్నది నాగేంద్రమ్మ. ఇంటి మీద బెంగ పుట్టి, సాయంత్రం దాకా ఆగలేక, ముందు బస్సే ఎక్కేసింది.

"చూశావా అబ్బాయీ! మన తోట ముందు వెలిశారురా!"

బసవపున్నారావు భార్య చెవిలో, "ఊరుకో. వెలిశారనే అనుకోనీ. పెట్టె సంగతి ఎవరూ అడగరు" అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది. సత్యం మీద నిన్న రాత్రే ఒక అధ్యాయం ముగించాడు.

తులసమ్మ ముందుకు నడిచింది.

"వెలవలేదత్తయ్యా. నేను చేశాను. మీ బొమ్మల్ని చెదలు తినేశాయి. నాకప్పగించి వెళ్ళారు, నేను పెట్టె తెరిచి చూసుకోలేదు. కొలువు తప్పకూడదని వీటిని చేసుకున్నాను. మీసాలు మాత్రం నావి కావు."

"మీసాలు నావేనండమ్మగారూ" అన్నాడు వీరయ్య, చెట్టు చాటునుంచి.

 "అయితే బస్సు టైము ఊరికే పోయినట్టే" అని హనుమయ్య గొణిగాడు గానీ బస్సు ఎక్కలేదు.

"కూర్మం కూడా పోయిందా?" అంది నాగేంద్రమ్మ.

"డిప్ప ఉందత్తయ్యా."

ముసలావిడ పళ్ళెం కొడుకు చేతిలో పెట్టి, ఒక తల దగ్గరికి వెళ్ళి, కొంగుతో మీసం తుడిచింది. మెల్లగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచింది. మీసం కింద దాగిన పెదవి బయటపడింది, నవ్వు బయటపడింది. ఆమె ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"కళ్ళు ఎవరు దిద్దారు?"

"నేనే."

"ఇన్నేళ్ళూ నా బొమ్మల్ని నేనే చూశానమ్మా. అవి నన్నెప్పుడూ చూళ్ళేదు. ఇవి చూస్తున్నాయి."

తులసమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని, "సాయంత్రానికి ఇంటికి తెచ్చి మెట్లమీద సర్దుతానత్తయ్యా" అంది.

"ఇంటికెందుకే? నా చేత్తో హారతి పట్టాక కదుపుతారా? ఈ ఏడు కొలువు ఇక్కడే. మెట్ల సంగతి చూడు."

తులసమ్మ చుట్టూ చూసింది. ఆమె చూపు పున్నయ్య పాకలో, కాయల కాలం అయిపోయి ఊరికే పడి ఉన్న మామిడి గంపల మీద ఆగింది. బసవపున్నారావు ఈసారి ఆ చూపు వెంటే వెళ్ళాడు. బోర్లించిన గంపలు ఆయనకు కూడా మెట్లలాగే కనిపించాయి. తన చదువులో అది మొదటి అడుగని ఆయన లోలోపల ఒప్పుకున్నాడు.

గంపలు మోసుకొచ్చింది పున్నయ్యే. అమ్మవార్లను పీకి పాతిన చేతులని ఊళ్ళో ఎవరైనా అనకముందే, ఎవరూ చెప్పకుండానే అన్నీ మోశాడు. చివరి గంప బోర్లించి, నాగేంద్రమ్మ ముందు చేతులు కట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఒక్క తల్లినన్నా మా చిన్నరసాల వంక చూడనివ్వండి."

"దిష్టి తగులుతుందేమో అన్నయ్యా" అంది తులసమ్మ.

"తగలనీ చెల్లెమ్మా. ఇద్దరు చూసినా పర్లేదు."

తొమ్మిది రోజులూ చాట్రాయి నుంచి కూడా పేరంటాళ్ళు వచ్చారు. అందరూ శనగలు కొంగున కట్టుకుని, టెంకల కిరీటాలు ముట్టుకుని చూసి, ఇవి ఎవరి చేతి పని అని అడిగారు. ప్రతిసారీ జవాబు నాగేంద్రమ్మే చెప్పింది, "మా కోడలిది" అని. పండగ వెళ్ళాక తలలను ఇంటికి తెద్దామంటే ఊరు ఒప్పుకోలేదు. అందరికంటే ముందు పున్నయ్య ఒప్పుకోలేదు.

అప్పటినుంచి బసవపున్నారావు తన సొంత తోటలోకి వెళ్ళాలంటే రోడ్డుమీదే చెప్పులు విడవాలి. మరిచిపోతే, కంచె అవతలి నుంచి పున్నయ్య గుర్తుచేస్తాడు.