రాయి వెనక చేప

ఆ రోజు పొద్దున చీటీలక్క పెట్టుకున్న పనులు నాలుగు. పళ్ల ఆసుపత్రి తాళం తీయాలి, కుర్చీలు తుడవాలి, అక్వేరియంలో చిటికెడు చేపల మేత వేయాలి, ఆపైన ఆ నీళ్లు కాసిని చిన్న గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగేమిటో నోటుపుస్తకంలో రాయాలి. నాలుగూ సజావుగానే అయ్యాయి. నిన్నటిదాకా చిక్కగా ఉన్న ఊదారంగు ఇవాళ పలచబడి నీలంలోకి దిగుతోంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇందులో వింత ఒక్కటే, ఆ అక్వేరియంలో చేపలు లేవు.

రోగులకు వరస నంబర్ల చీటీలిచ్చేది ఆవిడే గనక డాక్టరుగారి దగ్గర్నుంచి పేపరు వేసేవాడి దాకా అందరికీ ఆవిడ చీటీలక్కే. పదకొండేళ్లుగా బుగ్గలు పట్టుకుని మూలిగే మొహాలు తప్ప మరొకటి ఎరగని ఆ గదిలోకి నెల కిందట డాక్టరుగారు అక్వేరియం తెచ్చారు. తెచ్చిన రోజే నీళ్లు పోశారు, ఆ సాయంత్రమే ఆరు చేపల్ని వదిలారు. మూడో రోజుకి ఆరూ వెల్లకిలా తేలాయి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడొకడు అది చూసి, గొడుగు కూడా వదిలేసి వెనక్కి చూడకుండా పోయాడు. చీటీలక్క ఆ పూట భోజనం ముట్టలేదు. నేరుగా చేపల షాపుకి వెళ్లి నిలదీసింది.

"నీళ్లు చంపలేదక్కా, వాటి మలమే చంపింది," అన్నాడు షాపతను. "అది కుళ్లి విషమవుతుంది. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ముందు ఫిల్టరు స్పాంజిలో పెరగాలి. నెల పడుతుంది. అందాకా ఖాళీ నీళ్లలోనే రోజూ మేత వేసి కుళ్లనివ్వు. ఈ మందు చుక్కలు వేసి రోజూ చూడు, రంగు పూర్తిగా నీలమయ్యాకే చేపలు."

డాక్టరుగారు అతికష్టం మీద ఒప్పుకున్నారు. "నెలంటే నెలే. ఇంకొక్క చేప ఈ ఆసుపత్రిలో చచ్చిందని విన్నానో, ఈ తొట్టి మా బావమరిది ఇంటికి పోతుంది. ఉల్లిపాయలు పోసుకుంటాడు."

ఉల్లిపాయలు! ఆ మాట గుర్తొస్తే చాలు, చీటీలక్క లేచి వెళ్లి తొట్టి అద్దం తుడిచేది. ఆ పొద్దుటికి ఇరవై రెండో రోజు.

తొమ్మిదింటికి రిటైరైన హెడ్మాస్టరుగారు కట్టుడుపళ్లు సరిచేయించుకోవడానికి వచ్చారు. కంట్లో శుక్లం తీయించుకుని మూడు వారాలైంది ఆయనకి. అప్పట్నుంచీ ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలెన్నో లెక్కపెట్టి చెప్పందే ఎవర్నీ వదలడం లేదు.

"ఎవరికమ్మా ఆ మేత?"

"లోపలున్నాయండీ. బోలెడున్నాయి. మామూలు కంటికి కనబడవు," అంది చీటీలక్క. సూక్ష్మజీవుల సంగతి విడమరిచి చెప్పబోయేంతలో ఫోను మోగింది.

మామూలు కంటికా! హెడ్మాస్టరుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ముక్కు అద్దానికి ఆనించి రెండు నిమిషాలు రెప్ప వేయకుండా చూశారు.

"కనబడింది! ఆ రాయి వెనక. వెండిరంగు. అంగుళం ఉంటుంది."

పక్క కుర్చీలో వాచిన బుగ్గతో కూర్చున్న టైలరమ్మ రోజంతా సూదిలో దారం ఎక్కించే మనిషి. చూపు విషయంలో ఒకరికి తీసిపోయేది కాదు. "తోక మీద ఎర్రగీత కూడా ఉంది కదండీ," అంది.

"ఉంది, ఉంది," అన్నారాయన, తన చేపకు తోక దొరికినందుకు సంబరపడుతూ.

చీటీలక్క ఫోను పెట్టేసి వచ్చేసరికి దానికి మీసాలు కూడా మొలిచాయి.

"అయ్యో, అందులో చేపలు లేవండీ!"

"నీకు కనబడకపోతే లేనట్టేనా తల్లీ? ఆలస్యం చేయకు, చూపించుకో," అని హెడ్మాస్టరుగారు జాలిపడి తన కంటి డాక్టరు చిరునామా రాసిచ్చారు.

నాలుగు రోజుల్లో చేప సంగతి వీధంతా పాకింది. పంటినొప్పి లేనివాళ్లు కూడా పళ్లు శుభ్రం చేయించుకునే వంకతో వచ్చి కూర్చోసాగారు. చూసినవాళ్లు మళ్లీ చూశారు. చూడనివాళ్లు, ఇంతమంది చూశాక తాము చూడలేదని చెప్పుకోవడం నామోషీగా తోచి, చూశారు. ఎన్నడూ లేనిది గదిలో నవ్వులు వినబడేసరికి డాక్టరుగారు తలుపు తీసుకుని బయటికొచ్చారు.

"చేపని వేశావటగా?"

"లేదండీ. వట్టి నీళ్లే."

"మరి వీళ్లంతా?"

"వాళ్లకి కనబడుతోందిటండీ."

డాక్టరుగారు నిండిన కుర్చీల వంక చూశారు, తొట్టి వంక చూశారు, గొంతు సవరించుకున్నారు. "అరుదైన జాతి. కాస్త బిడియం ఎక్కువ," అని గదంతా వినబడేలా చెప్పి లోపలికి వెళ్లిపోయారు. మర్నాటికి ఆయనకూ తోక కనబడింది.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున గాజు గొట్టంలో నీళ్లు అచ్చమైన నీలంగా మారాయి. చీటీలక్కకు కాళ్లు నేల మీద నిలవలేదు. శనివారం చేపలు తేవచ్చు! ఆ ఆనందంలో రెండో నంబరు చీటీ ఇద్దరికిచ్చింది. సరిగ్గా అప్పుడే తొట్టి దగ్గర్నుంచి హెడ్మాస్టరుగారి గొంతు వినబడింది.

"ఇవాళ కదలడం లేదేమిటి? పక్కకి ఒరిగినట్టుంది."

గదంతా లేచి నిలబడింది. ఉప్పు వేయమన్నారొకరు. నీళ్లు మొత్తం పారబోయమన్నారొకరు. ఆ స్పాంజి చూడండి ఎంత మురికిగా ఉందో, ముందది సబ్బుతో రుద్దమన్నారు ఇంకొకరు. టైలరమ్మ తన సంచిలోంచి గొట్టం మాత్ర తీసి, రెండు ముక్కలు చేసి, పొడిని తొట్టి మీదకి పట్టింది. "నా బుగ్గ తగ్గింది దీంతోనే. పాపం, దీనికీ వేద్దాం."

సూక్ష్మజీవుల్ని చంపే మందు! నలభై ఎనిమిదేళ్ల చీటీలక్క, బల్ల చుట్టూ తిరిగి వచ్చే ఓపిక లేక దాని మీదుగానే దూకింది. రెండు చేతులతో తొట్టిని వాటేసుకుంది.

"ఎవరూ ముట్టుకోకండి! కోట్ల ప్రాణాలు పెంచుకున్నాను నేనిక్కడ! లోపల చేప లేదు! లేదు, లేదు, లేదు!"

టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోయిందన్నమాట," అంది మెల్లిగా. హెడ్మాస్టరుగారు తల వంచుకుని నిలబడ్డారు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ నిలబడ్డారు. లోపల నోరు తెరుచుకుని పడుకున్న రోగి కూడా అలాగే తెరిచిన నోటితో బయటికొచ్చి నిలబడ్డాడు. అతని వెనకే డాక్టరుగారు.

"చచ్చిందా? నేను చెప్పానా, లేదా?" అని అప్పటికప్పుడు ఫోను తీశారు. "బావా, బండి తీసుకునిరా. ఉల్లిపాయలకి చోటు దొరికింది."

చీటీలక్క తొట్టిని ఇంకా గట్టిగా పట్టుకుంది. పుట్టని చేప చచ్చినందుకు తొట్టి పోతోంది. చేప లేదంటే చచ్చిందంటున్నారు. ఇరవై ఎనిమిది రోజుల నోటుపుస్తకం, నీలంగా పండిన నీళ్లు, అన్నీ ఉల్లిపాయల పాలు. పదకొండేళ్లలో ఒక్క చీటీ కూడా వరస తప్పించి ఎరగని మనిషి (ఇందాకటి రెండో నంబరు తప్ప), ముక్కు అద్దానికి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"అదిగో!" అంది. "రాయి వెనక. తోక ఆడించింది."

గొంతు వణికింది. ఆ వణుకుతో అందరికీ నమ్మకం కుదిరింది.

"ఎర్రగీత ఉందా?" అంది టైలరమ్మ.

"తళతళలాడుతోంది."

"నేనూ చూశాను!" అన్నారు హెడ్మాస్టరుగారు. "నిద్రపోయి లేచిందంతే!"

చప్పట్లు మోగాయి. డాక్టరుగారు ఫోనులో, "వద్దులే బావా, కోలుకుంది," అన్నారు. విప్పిన మాత్ర వృథా చేయడమెందుకని టైలరమ్మ తనే వేసుకుంది.

శనివారం ఆరు చేపలు వచ్చాయి, నిజమైనవి. మూడో రోజు పొద్దున చీటీలక్క తాళం తీసి, చెప్పులైనా విడవకుండా నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లింది. ఆరూ తొట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగులు తీస్తున్నాయి. ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హాయిగా ఏడ్చింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఒక్కటి తేలితే ఒట్టు.

వచ్చిన జనం మాత్రం పెదవి విరిచారు. "ఇవి అందరికీ కనబడుతున్నాయిగా, ఇందులో ఏముంది?" అంది టైలరమ్మ.

"ఈ అల్లరిమూకకి జడిసి అది బయటికి రావడం లేదు," అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆ నెలాఖరున ఆయన కంటి డాక్టరుకే పంటినొప్పి వచ్చింది. చీటీ తీసుకున్నాడో లేదో, హెడ్మాస్టరుగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కుపోయారు. "మీరు బాగుచేసిన కంటితోనే కనిపెట్టానండీ. అదిగో, రాయి వెనక. కనబడుతోందా?"

కంటి డాక్టరు వంగి చూశాడు. రాయి వెనక మరో రాయి ఉంది. తలెత్తి గది వంక చూశాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లలో సగానికి సగం మంది కళ్లు ఆయన ఆపరేషన్ చేసినవే. అందరూ ఆయన జవాబు కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"స్పష్టంగా కనబడుతోంది," అన్నాడాయన.

చీటీలక్క నోటుపుస్తకం తెరిచి, చేపలు ఆరు అని ఉన్నచోట ఆరు కొట్టేసి ఏడు వేసుకుంది.