తేట నీళ్ల తొట్టి

మత్స్యశాఖ పెద్దసారు పర్యటన దృష్ట్యా బషీరాబాద్ మండలంలోని చేపలు మూడు రోజుల ముందునుంచే పరిశుభ్రంగా ఉండవలెనని తాండూరు సమీక్షా సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది.

మండలంలో షెడ్డు కింద చేపలున్నది ఒక్క హన్మమ్మకే. ఇంటి వృత్తి గొర్రెలు. నలభై గొర్రెలనూ అమ్మి నాలుగు తొట్లు కట్టించి, క్యాట్‌ఫిష్ వేసింది. ఉన్న నీళ్లే తొట్టిలోంచి డ్రమ్ములోకి, డ్రమ్ములోంచి తొట్టిలోకి తిరుగుతుంటాయి. డ్రమ్ములోని ప్లాస్టిక్ బిళ్లలకు గోధుమరంగు జిగురు పడుతుంది. చేపలు వదిలిన మురికి విషం కాకుండా అరాయించుకునేది ఆ జిగురే. అది పట్టడానికి నలభై రోజులైంది. చేప కిలోకు వచ్చింది. ఇంకో పది రోజులకు తాండూరు మార్కెట్టుకు ఎత్తితే దొడ్లోకి మళ్లీ గొర్రెలొస్తాయి.

అధికారిణి కృపారాణి గారు డ్రమ్ము మూత తీసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“ఛీ! ఏందమ్మా గీ పాకురు? కడిగిపియ్యి.”

“అయ్యో మేడం, జర ఆగున్రి. గదే నీళ్లను సాఫ్ చేస్తది. వికారాబాద్ ట్రైనింగుల మీరే చెప్పిన్రు గదా!”

“చెప్పింది చేపల కోసమమ్మా. ఇప్పుడొస్తున్నది పెద్దసారు.”

“గట్లయితే సారొచ్చినప్పుడు మూత తియ్యకున్రి.”

“అధికారుల సూచనలు పాటిస్తనని సంతకం పెట్టినవా లేదా?”

పెట్టింది. నలుగురు కూలీలు బ్లీచింగ్ పౌడర్‌తో బిళ్లలన్నీ తోమారు. కృపారాణి గారు దగ్గరుండి, మిగిలిన మరకలు వేలు పెట్టి చూపించారు. కర్తవ్యనిష్ఠ అంటే అదీ.

పెద్దసారు నాలుగు గంటలు ఆలస్యంగా విచ్చేసి చేపలకు మేత చల్లారు. ఫోటో సరిగా రాలేదంటే మళ్లీ చల్లారు. ఇంకో పత్రిక విలేకరి వచ్చాడని మళ్లీ చల్లారు. బస్తా ఖాళీ అయ్యాక ప్రసంగించారు.

“మురికిలో బతికే చేపకు స్వచ్ఛతను పరిచయం చేసిన ఘనత మన శాఖది! ఈ నీళ్లు నేనైనా తాగుతాను!”

చప్పట్లు మోగాయి. నీళ్లు మాత్రం సీసాలోవి తాగారు.

సారు వెళ్లిన మూడో రోజు పొద్దున చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. హన్మమ్మ మధ్యాహ్నం దాకా గంపలకెత్తి గుంతలో పూడ్చింది. గొర్రె చస్తే తోలైనా మిగిలేది.

విచారణ సక్రమంగా జరిగింది. జిగురు ప్రాముఖ్యత గురించి రైతుకు అవగాహన లేకపోవడమే కారణమని తేలింది. ఆ అవగాహన కల్పించే తరగతిని కృపారాణి గారే తీసుకున్నారు. హన్మమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

చేపల్లేని తొట్లలో నీళ్లు సహజంగానే తేటపడ్డాయి. షెడ్డుకు ఆదర్శ యూనిట్‌ పత్రం వచ్చింది. హన్మమ్మ ఇప్పుడు పూడూరు ఆసామి గొర్రెలను కూలికి మేపుతున్నది. సందర్శకుల బస్సు వచ్చిన రోజు మాత్రం ఆమెను పిలిపించి తొట్టి పక్కన నిలబెడతారు.

మొన్న వచ్చిన బృందంలో చదువుకున్న ఒకాయన తొట్టిలోకి వంగి, తన ముఖం చూసుకుని, జుట్టు సవరించుకున్నాడు.

“గింత తేటగ ఎట్ల పెట్టినవమ్మా?”

“చేపలన్నీ సచ్చినయి సారూ.”

ఆయన పుస్తకం తీసి, ‘పరిశుభ్రత’ అని రాసుకున్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఆయన రాసింది చూసి రాసుకున్నారు.

వచ్చే బస్సులో సీట్లున్నాయట. మీరూ వెళ్లి రావచ్చు. ముఖం చక్కగా కనబడుతుంది.