పదివేల మాత్రల గోడ

ఉప్పల్, నాచారం ప్రజల మనసులు ఇకపై చెడిపోవడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. నాచారంలో మూడు వందల పడకల మానసిక ఆరోగ్య మహాసౌధం లేస్తుందని, దాని గుమ్మం చూస్తేనే సగం జబ్బు పారిపోతుందని ఆయన మైకులో అనగానే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మేస్త్రీ మొగిలయ్య.

కారణం లేకపోలేదు. అతని తమ్ముడు సురేష్ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. రోజుకొక మాత్ర వేసుకుంటే బంగారంలాంటి మనిషి. నాలుగు రోజులు తప్పితే నిద్ర ఉండదు, ఎవరో పిలుస్తున్నారంటూ మౌలాలి రైలు పట్టాల వైపు నడిచిపోతాడు. ఆ మాత్రల కోసం మొగిలయ్య నెలనెలా ఒకరోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి, నగరం ఆ చివరనున్న దవాఖానాకు వెళ్లివచ్చేవాడు.

సౌధం లేచింది. పాలరాతి మెట్లు, రెండు లిఫ్టులు, రంగురంగుల ఫౌంటెన్. గోడలు మొగిలయ్యే కట్టాడు. రిబ్బను తెగిన రోజునే పాత దవాఖానాలో సురేష్ పేరు కొట్టేసి, ఇంటి పక్కన కొత్తది వచ్చింది కదా, అక్కడికే పొమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే మొగిలయ్య చీటీ పట్టుకుని సూపరింటెండెంటు పరంధామయ్యగారి ముందు నిలబడ్డాడు.

"మాత్రలా?" అని ఆయన జాలిగా చూశారు. "చూడు మొగిలయ్యా, మన దగ్గర ఉన్నది నిర్మాణం పద్దు. నడిపే పద్దు ఇంకా రాలేదు. డాక్టరు, మందులు, రోగులకు భోజనం, ఇవన్నీ నడిపే పద్దులోకి వస్తాయి. నీ బాధ నాకు అర్థమైంది. కావాలంటే ఇంకో గేటు పెట్టిస్తాను."

"గేటు నేనేం జేసుకోను సార్? మా తమ్మునికి ఎనిమిది దినాల గోలీలే ఉన్నయి."

"సరే, రెండు గేట్లు."

పరంధామయ్యగారు మాట తప్పే మనిషి కాదు. రెండు గేట్లూ లేచాయి. కాప్రా నుంచి శారదమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని అవే మాత్రల చీటీతో వచ్చింది. ఆ పిల్ల ఏడుపు చూసి ఆయన మనసు కరిగిపోయి, అప్పటికప్పుడు ఒక ఆర్చి మంజూరు చేయించారు. సురేష్ డబ్బాలో ఆరు మాత్రలు మిగిలాయి. తర్వాత ఐదు.

అప్పుడు పరంధామయ్యగారి బుర్ర వెలిగింది. ప్రహరీ గోడ ఎస్టిమేటులో ఇటుక, ఇసుక, సిమెంటు రాసి, కింద "తెల్లని గుండ్రని సామగ్రి, పదివేలు" అని చేర్చారు. ఒక్క పూటలో సంతకాలు అయిపోయాయి. నాలుగో రోజుకి మాత్రల డబ్బాలు లారీ దిగాయి. ఆసుపత్రిలోకి మందులు తెచ్చిన మొదటి ఎస్టిమేటు అదే.

మొగిలయ్య చెయ్యి చాపాడు. ఇంజనీరు ఉమామహేశ్వర్ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఏయ్, ముట్టకు! గిది గోడ సామాను. రోగికిస్తే నడిపే ఖర్చయితది. కొలతల పుస్తకంల గోడ అని రాసి ఉంటే గోడలనే ఉండాలె. రేపు ఆడిటోళ్లొస్తే నా నౌకరి ఉంటదా?"

పరంధామయ్యగారు కూడా రూలు రూలేనన్నారు. "మొగిలయ్యా, ప్లాస్టరింగులో పెట్టెయ్. వరసకు వంద."

"గోడకేం రోగమొచ్చింది సార్?"

"రాకుండా ముందుజాగ్రత్త."

మొగిలయ్య గోడను చూశాడు. డబ్బాలను చూశాడు. "అయితే సార్, గోలీలు గిట్లనే పెడితే ఊడిపోతయి. ఇంటికి తీస్కపోయి రెండు దినాలు ఆరబెట్టాలె" అన్నాడు.

"టెక్నికల్ పాయింటు" అని ఉమామహేశ్వర్ మెచ్చుకుని, డబ్బాలకు గేట్‌పాస్ రాసిచ్చాడు.

వారంలో గోడ తయారైంది. మసక సిమెంటులో తెల్లని చుక్కలు వరసలు వరసలుగా మెరిశాయి. ఉమామహేశ్వర్ నిచ్చెనెక్కి లెక్కపెట్టాడు. రెండు తక్కువ వస్తే, అవి ఎండకు అరిగినట్టు రాసుకున్నాడు. మంత్రిగారు గోడకు దండ వేసి, చేత్తో నిమిరి, "ఇప్పుడే నా మనసు చల్లబడింది" అన్నారు. దాంతో మర్నాటి నుంచి జనం ఆటోల్లో దిగడం మొదలైంది. గోడకు నుదురు ఆనించి, నుదుటికి తెల్లగా అంటితే మందు పట్టిందని సంతోషంగా వెళ్లేవారు. సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ ఆఫీసరు రోజూ రెండు పూటలా వచ్చి ఆనించేవాడు. భోజనం తర్వాత.

గిట్టనివాళ్లు ఊరుకుంటారా? అవి నాసిరకం మాత్రలని ప్రతిపక్షం గోల చేసింది. విజిలెన్సు ఆఫీసరు నరేందర్ వచ్చి, మొగిలయ్య చేతనే అడుగు మేర గోడ చెక్కించి, ముక్కను సంచిలో వేసి ల్యాబుకు పంపాడు.  రిపోర్టు వచ్చేదాకా పది రోజులు మొగిలయ్యకు అన్నం సహించలేదు. జైలు గురించి కాదు. తాను లోపలికి పోతే తమ్ముడి అరచేతిలో రోజుకో గోలీ పెట్టేదెవరు?

పదకొండో రోజు పరంధామయ్యగారు కబురు పెట్టారు. మొగిలయ్య కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

"రిపోర్టు వచ్చిందయ్యా!" అని ఆయన లేచి అతని భుజం తట్టారు. "ప్రతి మాత్రలోనూ మందు నూటికి నూరు పాళ్లు ఉందిట. మొదటి రకం అని సీలు వేసి మరీ ఇచ్చారు. మంత్రిగారు ఆనందం పట్టలేక రెండో గోడ మంజూరు చేశారు. ఈసారి ఇరవై వేలు!"

మొగిలయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మళ్ల ఆరబెట్టాలె సార్."

"ఎన్ని రోజులైనా ఆరబెట్టుకో. క్వాలిటీలో మాత్రం రాజీ పడకు."

ఆ సాయంత్రమే అన్నదమ్ములిద్దరూ ఉప్పల్‌లో కామాక్షి నడిపే పుస్తకాల దుకాణానికి వెళ్లారు. ఆమె వాళ్లను చూడగానే నవ్వింది.

"ఏంది మామా, మొన్ననే గన్ని డబ్బాల సుద్దముక్కలు కొంటివి. మళ్లొచ్చినవా?"

సురేష్ ఒక సుద్దముక్క తీసి గోటితో గీకి చూశాడు. "అక్కా, జర గట్టియి ఇయ్యి. మొన్నటివి లేత్ మీద బిళ్లలు కోస్తుంటే మస్తు ఇరిగినయి."

"గిన్నెందుకు మామా? బడి గిట్ల పెట్టినవా?"

"లేదు బిడ్డా" అన్నాడు మొగిలయ్య, సంచి నోరు తెరిచి పట్టుకుంటూ. "దవాఖానా. మొన్నటిదాంక మా తమ్ముడు, శారదమ్మ బిడ్డ, ఇద్దరే. ఇప్పుడు నలభై మందయిన్రు."